భూకంపం ఎప్పుడొస్తుందో చెప్పలేని చదువు ఎందుకు చదవాలి?

ప్రశ్న: మేడమ్, మాది ఏటూరునాగారం దగ్గర ఒక ఊరు. బీఎస్సీ ఎంపీసీ ఫైనలియర్ చదువుతున్నాను. 2024 డిసెంబర్ 4న పొద్దున ఏడున్నరకు భూమి కదిలినప్పుడు నేను వాకిట్లో బోళ్లు తోముతున్నా. ముందు దూరంగా లారీ వస్తున్నట్టు చప్పుడు వినిపించింది, తర్వాత కాళ్ల కింద నేల జారినట్టయింది, బోళ్లు వాటంతటవే గలగలమన్నాయి. ఆ రోజు నుంచి నాకు ఇదే ధ్యాస. సీస్మాలజిస్ట్, అంటే భూకంపాల గురించి చదివే సైంటిస్ట్, కావాలనుంది. మా నాన్న మేస్త్రీ. "ఎప్పుడొస్తదో చెప్పరాని చదువు చదివి ఏం చేస్తవ్ బిడ్డా, బీఈడీ చేసి టీచరైతే నయం గదా" అంటున్నారు. ఆడపిల్ల కొండలు, అడవులు పట్టుకొని తిరగడమేంటని చుట్టాలు అంటున్నారు. ఆ ఏడాది తాడ్వాయి అడవిలో వేల చెట్లు కూలినప్పుడే భూకంపం గుర్తు తెలిసిందని, సైంటిస్టులే పట్టించుకోలేదని ఊళ్లో మాట్లాడుకుంటున్నారు. నేను తెలుగు మీడియం. ఈ దారిలో బతుకుదెరువు ఉంటుందా? నాన్నకు ఏం చెప్పాలి?

జవాబు:

అమ్మా, ముందు మీ నాన్నగారి ప్రశ్నకే జవాబు చెప్తాను. ముప్పై ఏళ్లుగా నన్ను పెళ్లిళ్లలో, రైళ్లలో, బ్యాంకు లైన్లలో అందరూ అడిగేది అదే. భూకంపం ఏ రోజు, ఏ ఊళ్లో, ఎంత పెద్దది వస్తుందో ఈ రోజుకీ ప్రపంచంలో ఎవరూ చెప్పలేరు. జపాన్ వాళ్లూ చెప్పలేరు, అమెరికా వాళ్లూ చెప్పలేరు. ఈ మాట ఆయన దగ్గర దాచొద్దు. దాచి ఈ చదువులోకి వస్తే రేపు మొదటి భూకంపానికే నీ మనసు విరిగిపోతుంది.

ఎందుకు చెప్పలేమో కిల్లారి సంగతి వింటే తెలుస్తుంది. మనవాళ్లు లాతూరు భూకంపం అనేది దాన్నే. మహారాష్ట్రలో ఆ ఊరి చుట్టుపక్కల 1992 ఆగస్టు నుంచే చిన్న చిన్న కుదుపులు మొదలయ్యాయి. అక్టోబర్‌లో ఒకటి కాస్త గట్టిగానే వచ్చింది, జనం భయపడి ఊరు మార్చమని కూడా అడిగారు. తర్వాత అవే తగ్గిపోయాయి. నెలలు గడిచాయి, బతుకులో పడిపోయారు. 1993 సెప్టెంబర్ 29న వినాయక నిమజ్జనం చేసుకొని అలసిపోయి పడుకున్నారు. తెల్లవారుజామున 3:56కి 6.2 భూకంపం వచ్చింది, దాదాపు 10 వేల మంది పోయారు. మరి ఆ ముందటేడు కుదుపులు హెచ్చరికే కదా అని నువ్వు అడుగుతావు, నేనూ అప్పుడు అలాగే అడిగాను. సరే, 2020 జనవరిలో పులిచింతల చుట్టూ, సూర్యాపేట జిల్లా చింతలపాలెం వైపు, ఇలాగే రోజుల తరబడి కుదుపులు వచ్చాయి, ఒకటి 4.6 దాకా వెళ్లింది, జనం ఇళ్లలో పడుకోవడానికి భయపడ్డారు. తర్వాత ఏమీ కాలేదు. అదే ఏడాది అక్టోబర్‌లో హైదరాబాద్ బోరబండలో భూమిలోంచి ఢమఢమ శబ్దాలు వచ్చి జనం రోడ్ల మీదికి వచ్చేశారు, అదీ ఆగిపోయింది. మూడు చోట్లా మొదలు ఒకేలా ఉంది. ఏది కిల్లారి అవుతుందో, ఏది బోరబండ అవుతుందో, మొదలైన రోజున కుదుపులు రాసే మిషన్ మీద చూస్తే తేడా కనపడదు. మా చదువులో అన్నిటికంటే బాధపెట్టే విషయం ఇదే.

చైనా వాళ్లు 1975 ఫిబ్రవరిలో హైచెంగ్ అనే చోట ముందు వచ్చిన చిన్న కుదుపులను చూసి జనాన్ని ఖాళీ చేయించారు, నిజంగానే పెద్దది వచ్చింది, ఎంతోమంది బతికారు. ఇక సాధించేశామనుకున్నారు. ఏడాదిన్నర తిరగకుండా 1976 జూలై 28న టాంగ్షాన్‌లో అలాంటి సూచన ఏదీ పట్టుబడకుండానే నేల విరుచుకుపడింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే 2 లక్షల 40 వేల మందికి పైగా చనిపోయారు.

ఇటలీలో లాక్విలా ఊరిది ఇంకో రకం. అక్కడ నెలల తరబడి కుదుపులు వచ్చాయి, జనం టెన్షన్ పడుతుంటే నిపుణుల కమిటీ సమావేశమైంది, ఆ తర్వాత ప్రజలకు అందిన సందేశం భయపడక్కర్లేదు అన్నట్టుగా ఉంది. వారం లోపే, 2009 ఏప్రిల్ 6న, భూకంపం వచ్చి 309 మంది చనిపోయారు. ఆరుగురు శాస్త్రవేత్తలకు, ఒక అధికారికి 2012లో కోర్టు ఆరేళ్ల జైలుశిక్ష వేసింది. 2014లో పైకోర్టు శాస్త్రవేత్తల శిక్ష కొట్టేసింది. ఈ కేసు గురించి ముందే చెప్పలేదని శిక్ష వేశారు అని చాలామంది అనుకుంటారు, అది తప్పు. అసలు గొడవ ధైర్యం చెప్పిన తీరు మీద వచ్చింది. మనకు తెలియనిదాన్ని తెలియదు అని చెప్పడం ఎంత ముఖ్యమో దీనిలో ఉంది. రేపు నీ చేతికి టీవీ వాళ్లు మైక్ ఇస్తే "ఏమీ కాదు" అనాలనిపిస్తుంది, ఎదురుగా ఏడుస్తున్న ముసలమ్మ ఉంటే ఇంకా అనాలనిపిస్తుంది. అనకూడదు.

తాడ్వాయి చెట్ల సంగతి. ఆగస్టు చివర్లో వచ్చిన భయంకరమైన గాలివానకు అవి కూలాయి. గాలికి నేల పైనున్న చెట్టు పడుతుంది, భూకంపం కిలోమీటర్ల లోతున రాయి తెగితే వస్తుంది, ఈ రెంటికీ లంకె లేదు. అయినా ఊళ్లో ఆ మాట అన్నవాళ్లతో వాదనకు దిగకు. ఇంత పెద్ద సంగతి ఏ గుర్తూ లేకుండా వచ్చిందంటే మనసు ఒప్పుకోదు, అందుకే వెనక్కి వెళ్లి గుర్తులు వెతుక్కుంటారు. వాళ్లకు నువ్వు చెప్పదగ్గది వేరే ఉంది. మీ గోదావరి లోయ కోట్ల ఏళ్ల కిందట భూమి చీలి కుంగిన చోటు. సింగరేణి బొగ్గు ఏర్పడిందీ ఆ చీలికలో పేరుకున్న పొరల్లోనే. పాత చీలికల దగ్గర భూమి బలహీనంగా ఉంటుంది, ఒత్తిడి పేరుకుంటే అక్కడే తెగుతుంది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర ఇలాగే వచ్చింది, మీ ఊళ్లో డెబ్భై ఏళ్లు దాటిన వాళ్లను అడుగు, ఎవరికైనా గుర్తుండొచ్చు. అంటే రోజు చెప్పలేకపోయినా "ఇక్కడ వస్తుంది, మళ్లీ వస్తుంది" అని చెప్పగలిగాం కదా. మా పని అక్కడ మొదలవుతుంది.

నాకు ఆ పని ఏంటో తెలిసింది కిల్లారిలోనే. అప్పుడు విశాఖలో జియోఫిజిక్స్, అంటే భూమి లోపలి సంగతులను ఫిజిక్స్‌తో చదివే శాస్త్రం, ఎమ్మెస్సీ చదువుతున్నాను. ఆఫ్టర్‌షాక్స్, అంటే పెద్ద భూకంపం తర్వాత వచ్చే చిన్న కుదుపులు, రికార్డు చేయడానికి వెళ్తున్న ఒక టీమ్‌కు పెట్టెలు మోయడానికి, కాగితాలు మార్చడానికి విద్యార్థులు కావాలంటే వెళ్లాను. అప్పటి మిషన్లలో డ్రమ్ముకు కాగితం చుట్టి, కిరోసిన్ మంట పొగతో దానికి నల్లగా మసి పట్టించేవాళ్లం, సన్నటి సూది ఆ మసి మీద గీత గీస్తూ తిరిగేది. రోజూ ఒకే టైముకు కాగితం విప్పి, చెయ్యి తగలకుండా పట్టుకొని, లక్క ద్రావణంలో ముంచి ఆరేయాలి. వేలు తగిలితే ఒక భూకంపం చెరిగిపోయినట్టే.

మూడో రోజో నాలుగో రోజో కాగితం ఆరేలోపు పక్కన ఒక ఇంటి దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. గోడ మందం రెండడుగుల పైనే. చూస్తే కోటగోడలా ఉండాల్సింది. కానీ బయటి వరస రాళ్లు బయటికి, లోపలి వరస రాళ్లు లోపలికి, పుస్తకం తెరిచినట్టు విడిపోయాయి. మధ్యలో మట్టి, చిన్న రాళ్లు కూరారు, రెండు వరసలనూ కలిపి పట్టే అడ్డరాయి ఒక్కటీ లేదు. పైన మిద్దె మీద ఎండ తగలకుండా అడుగు పైన మందం మట్టి. విచిత్రం ఏంటంటే ఆ ఇంటి టేకు స్తంభాలు, దూలాలు నిలబడే ఉన్నాయి. గోడలు మాత్రమే మనుషుల మీద పడ్డాయి. ఆ ఇంట్లో ఎవరు మిగిలారని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆ గోడ ముందు నిలబడి, భూకంపం ఎప్పుడొస్తుందో తెలిసినా ఆ ఇల్లు కూలేదే, మనుషులు బయట ఉండేవాళ్లు అంతే అనుకున్నాను. తెలియకపోయినా అడ్డరాళ్లు వేసి, మూలలు కలిపి, కిటికీల పైన చుట్టూ ఒక బెల్టు వేసుంటే లోపల పడుకున్నవాళ్లలో ఎక్కువమంది లేచి వచ్చేవాళ్లు.

ఇంకో సంగతి చెప్తాను, అది మాకు సంబంధించిన తప్పు. అప్పటి భూకంప మ్యాప్‌లో కిల్లారి జోన్ 1లో ఉంది, అంటే అన్నిటికంటే భయం లేని చోటు. దక్కను పీఠభూమి గట్టి రాయి, అక్కడ ఏమీ రాదనే నమ్మకం. ఆ నమ్మకం మ్యాప్ అయింది, మ్యాప్ ఇళ్లు కట్టేటప్పుడు ఇంజినీర్లు పాటించే కోడ్ అయింది. ఆ భూకంపం తర్వాత శాస్త్రవేత్తలు ఆ ప్రాంతంలో కందకాలు తవ్వి భూమి తెగిన పాత చోట్లు వెతికారు, లోతులు కొలిచారు, చివరికి 2002 మ్యాప్‌లో జోన్ 1 అనేదాన్నే తీసేశారు. ఇప్పుడు దేశంలో భయమే లేదని రాసిన జోన్ ఒక్కటీ లేదు. ఒక గీత మార్చడానికి అన్నేళ్ల పని పట్టింది. సీస్మాలజిస్ట్ జీవితంలో ఎక్కువ భాగం ఇలాంటి గీతల కోసమే పోతుంది, టీవీలో కనిపించేది ఆ ఒక్క పూట.

ఇప్పుడు మీ నాన్నగారికి ఏం చెప్పాలో నీకు అర్థమైందనుకుంటా. ఈ చదువు చివరికి వచ్చి ఆగేది మేస్త్రీ చేతిలోనే. మేము ఏళ్ల తరబడి కొలిచి, నేల ఎంత గట్టిగా ఊగొచ్చో లెక్క కట్టి ఇస్తాం, ఇంజినీర్లు దాన్ని కోడ్‌గా రాస్తారు, కానీ పిల్లరు రింగుల కొసలు ఎలా వంచాలో చివరికి నిర్ణయించేది సైటులో ఉన్న మనిషి. రింగు కొసను 90 డిగ్రీలకు వంచి వదిలేస్తే ఊపుకు పైన సిమెంటు పెచ్చు ఊడగానే రింగు తెరుచుకుంటుంది, లోపలి కడ్డీలు బయటికి పొంగిపోతాయి. 135 డిగ్రీలు, అంటే కొస పిల్లరు లోపలికి గుచ్చుకునేట్టు వంచితే పట్టు వదలదు. మీ నాన్నగారు ఎలా వంచుతారో అడుగు. తప్పు పట్టినట్టు కాదు, తెలుసుకోవడానికి అడుగు. లింటెల్‌ను కిటికీ పైన ముక్కలుగా వేస్తారా, ఇంటి చుట్టూ బెల్టులా తిప్పుతారా అని కూడా అడుగు. భద్రాచలం, కొత్తగూడెం వైపు గోదావరి పట్టీని 2016 కోడ్‌లో జోన్ 3 అన్నారు, అక్కడ ఇల్లు కట్టేవాళ్లకు ఇది పుస్తకాల సంగతి కాదు. "నాన్నా, నేను చదివేది మీ పని మొదటి సగం" అని చెప్పు. నాకు తెలిసిన తండ్రులు ఇలాంటి మాటకు ఒక్కసారిగా ఒప్పుకోరు, కానీ రాత్రి పడుకున్నాక దాని గురించే ఆలోచిస్తారు.

రోజువారీ పని ఎలా ఉంటుందో కొంచెం చెప్తాను, నువ్వు ఊహించుకున్నదానికీ దీనికీ తేడా ఉండొచ్చు.

మిషన్ పెట్టడం మొదటి పని. ఊరికి, రోడ్డుకు, బోరు మోటార్లకు, పెద్ద చెట్లకు దూరంగా రాతి నేల దొరికే చోటు వెతకాలి. చెట్టు ఎందుకంటే గాలికి వేళ్లు నేలను ఊపుతాయి, మిషన్ అదీ రాస్తుంది. గొయ్యి తవ్వి, గట్టి రాయి తగిలే దాకా వెళ్లి, దాని మీద సిమెంటు దిమ్మ కట్టి, ఆరనిచ్చి, మిషన్ దించి, నీటి బుడగ మధ్యకు వచ్చేదాకా మూడు కాళ్లూ సరిచేయాలి. తర్వాత దాని బాణం గుర్తును ఉత్తరానికి తిప్పాలి. పైన సోలార్ ప్యానెల్, బ్యాటరీ, టైము కోసం జీపీఎస్. సెకనులో వందో వంతు తేడా వచ్చినా కొలతలన్నీ పక్కకు పోతాయి.

హిమాలయాల్లో నేను పెట్టిన మొదటి స్టేషన్‌లో ఉత్తరం తప్పు పెట్టాను. దిక్సూచిని తెలియక ఇనుప పెట్టె పక్కనే పెట్టి చూశాను, ముల్లు పక్కకు లాగింది. ఆరు నెలల తర్వాత డేటా చూస్తే మిగతా స్టేషన్లన్నీ ఒక దిక్కు చెప్తుంటే నాది ఇంకో దిక్కు చెప్తోంది. ఆ వారం అంతా అన్నం సహించలేదు. దూరపు భూకంపాల మొదటి అల ఏ దిక్కు నుంచి రావాలో మనకు ముందే తెలుసు కాబట్టి, దానితో పోల్చి తప్పు ఎన్ని డిగ్రీలో లెక్క కట్టి డేటా మొత్తం సరిచేశాం. అప్పటి నుంచి ఏ స్టేషన్‌లో అయినా కొలిచింది, చూసింది, చివరికి పక్కన ఏ వస్తువు ఉందో కూడా నోటు పుస్తకంలో రాస్తాను. ఈ పనిలో జ్ఞాపకం మీద ఆధారపడకూడదు.

నువ్వు విన్న ఆ లారీ చప్పుడు సంగతి. అది పీ అల. రాయిని ముందుకూ వెనక్కూ నొక్కుతూ సెకనుకు 6 కిలోమీటర్ల దాకా పరుగెత్తుతుంది, అందులో కొంత గాలిలోకి శబ్దంగా కూడా వస్తుంది. తర్వాత వచ్చేది ఎస్ అల, నేలను పక్కకు ఊపుతుంది, నీ కాళ్ల కింద జారినట్టు అనిపించింది అదే. మిషన్ మీద ఈ రెంటి మధ్య ఎన్ని సెకన్లు ఉన్నాయో చూసి 8తో హెచ్చిస్తే భూకంపం ఎన్ని కిలోమీటర్ల దూరంలో వచ్చిందో ఇంచుమించుగా వస్తుంది. కిల్లారి నుంచి హైదరాబాద్ 200 కిలోమీటర్లకు పైనే, అంటే 25 సెకన్ల పైన తేడా. మూడు స్టేషన్ల నుంచి మూడు దూరాలు తీసుకొని మ్యాప్ మీద వలయాలు గీస్తే అవి కలిసే చోటే కేంద్రం. నాకు ఎమ్మెస్సీలో కంపాస్ బాక్సుతో గీయించారు, ఇప్పుడు కంప్యూటర్ క్షణంలో చేస్తుంది, అయినా ఒకసారి చేత్తో గీసి చూడు. ఆ మూడు గీతలు ఒక్క చోట కలిసినప్పుడు కలిగే సంతోషం మాటల్లో చెప్పలేను.

పేపర్లలో రాసే "రిక్టర్ స్కేలుపై తీవ్రత" అనే మాటను కూడా ఇప్పటి నుంచే విడదీసి చూడు. భూకంపం ఎంత పెద్దదో చెప్పే మాగ్నిట్యూడ్ ఒక్కటే ఉంటుంది, మీ ఊళ్లో ఎంత ఊగింది, హన్మకొండలో ఎంత ఊగింది అనేది ఊరూరికీ మారుతుంది, అసలు తీవ్రత అంటే అది. మాగ్నిట్యూడ్ ఒక అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. మీ ములుగుది 5.3, 2001 జనవరి 26న భుజ్‌లో వచ్చింది 7.7. ఆ రెంటి మధ్య శక్తిలో తేడా దాదాపు 4 వేల రెట్లు.

ముందే చెప్పలేం అన్నాను కానీ వచ్చాక సెకన్లలో, నిమిషాల్లో చేయగలిగింది చాలా ఉంది. 2011 మార్చి 11న జపాన్‌లో 9 భూకంపం వచ్చినప్పుడు తీరం దగ్గరి మిషన్లు మొదటి అలలు పట్టి కరెంటు కట్ చేశాయి, బుల్లెట్ రైళ్లకు బ్రేకులు పడ్డాయి, ప్రయాణికులున్న ఒక్క బుల్లెట్ రైలూ పట్టాలు తప్పలేదు. మన దగ్గర 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర పొద్దున ఆరున్నరకు భూకంపం వస్తే సునామీ ఆంధ్ర తీరానికి రావడానికి రెండు గంటల పైనే పట్టింది. రెండు గంటలు! చెప్పేవాళ్లు లేక ఆ తీరంలోనే వంద మందికి పైగా పోయారు. ఆ బాధలోంచే హైదరాబాద్ ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో 2007 అక్టోబర్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం వచ్చింది. 2012 ఏప్రిల్ 11న మళ్లీ సుమత్రా దగ్గర 8.6 వచ్చింది, విశాఖలో కూడా ఊగింది, జనం గుండెలు అదిరాయి. కానీ అక్కడ భూమి తెగి పక్కకు జరిగింది, సముద్రం అడుగు పెద్దగా లేవలేదు, పెద్ద సునామీ పుట్టలేదు. సముద్రంలోని మిషన్లు చూసి ఆ సంగతి కాసేపట్లోనే తేల్చగలిగారు. తీరం పొడవునా లక్షల మందిని రోడ్ల మీద పరుగులు పెట్టించాల్సిన పని తప్పింది. పరుగెత్తండి అని చెప్పడం ఎంత పనో, పరుగెత్తక్కర్లేదు అని ఆధారంతో చెప్పడం అంత పని.

ఇక బతుకుదెరువు. ఎంపీసీ చదివావు కాబట్టి జియోఫిజిక్స్ ఎమ్మెస్సీకి పనికొస్తావు. ఉస్మానియాలో ఉంది, సీపీగెట్ అనే పీజీ ఎంట్రన్స్ రాయాలి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్ దేశంలోనే పాతవాటిలో ఒకటి. ఐఐటీ బాంబే, ధన్‌బాద్ ఐఎస్ఎం లాంటి చోట్లకు జామ్ అనే ఎంట్రన్స్ రాయాలి, ఏ కోర్సుకు ఏ పేపర్ కావాలో ఆ ఏడాది బ్రోషర్ చూసుకో. ఎమ్మెస్సీ తర్వాత రెండు దారులు. ఉద్యోగం తొందరగా కావాలంటే యూపీఎస్సీ వాళ్ల కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష, దానితో జియలాజికల్ సర్వేలో జియోఫిజిసిస్ట్ అవుతావు. ఓఎన్‌జీసీ లాంటి కంపెనీల్లోకీ వెళ్లొచ్చు, అక్కడ నూనె, గ్యాస్ కోసం ఇవే అలలతో భూమి లోపల చూస్తారు, జీతం అన్నిటికంటే బాగుంటుంది. పరిశోధన కావాలంటే సీఎస్ఐఆర్ నెట్ ఎర్త్ సైన్సెస్ రాసి జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ తెచ్చుకోవాలి. ఇప్పుడు నెలకు 37 వేలు, రెండేళ్ల తర్వాత 42 వేలు, పైన ఇంటద్దె. హైదరాబాద్ ఉప్పల్‌లోని జియోఫిజిక్స్ పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ, డెహ్రాడూన్‌లోని వాడియా ఇన్‌స్టిట్యూట్, గాంధీనగర్‌లో భుజ్ తర్వాత పెట్టిన సీస్మలాజికల్ రీసెర్చ్ సంస్థ, ఢిల్లీలోని నేషనల్ సెంటర్ ఫర్ సీస్మాలజీ, ఇవి మన ఇళ్లు. మన హిందూపురం పక్కనే గౌరీబిదనూరులో అణు పేలుళ్లను పసిగట్టే మిషన్ల వరుస 1960ల నుంచి ఉంది, అదీ ఈ చదువే.

పోస్టులు తక్కువ. ఇది తీపి చేసి చెప్పను. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది, ఆ తర్వాత పర్మినెంట్ ఉద్యోగానికి ముందు కొన్నేళ్లు ప్రాజెక్టుల్లో కాంట్రాక్టు మీద పనిచేయాల్సి రావచ్చు. నాతో మొదలుపెట్టిన వాళ్లలో సగం మంది వేరే ఉద్యోగాల్లోకి వెళ్లారు, బాగున్నారు. ఇంట్లో నీ జీతం మీద వెంటనే ఆధారపడాల్సిన పరిస్థితి ఉంటే ముందు యూపీఎస్సీ దారి పట్టు, ఉద్యోగంలో చేరాక పీహెచ్‌డీ చేసినవాళ్లు ఉన్నారు. కావాలంటే ఎమ్మెస్సీ సీటు రాకపోతే ఆ ఏడాది బీఈడీ చేస్తానని నాన్నతో ఒప్పందం చేసుకో, అది ఓటమి కాదు.

తెలుగు మీడియం అడ్డు కాదు. గణితం సరిగ్గా రాకపోవడం అడ్డు. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, వెక్టర్లు, ఫోరియర్ సిరీస్ పరీక్ష కోసం బట్టీ పట్టి ఉంటే ఈ సెలవుల్లో మళ్లీ మొదటి నుంచి చెయ్యి. పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకో, దానిలో అబ్స్‌పై అని భూకంప డేటా చూడడానికే చేసిన లైబ్రరీ ఉంది, ఉచితం. హైదరాబాద్‌లో హెచ్‌వైబీ అనే స్టేషన్ ఉంది, దాని రికార్డులు ఇంటర్నెట్‌లో ఎవరైనా దించుకోవచ్చు. ఏదైనా పెద్ద భూకంపం వచ్చిన రోజున ఆ రికార్డు తెచ్చుకొని పీ ఎక్కడ, ఎస్ ఎక్కడ అని గుర్తు పెట్టడం మొదలుపెట్టు. ఇంగ్లీష్ పేపర్లు మొదట పేజీకి గంట పడతాయి, ఏడాదికి పది నిమిషాలవుతాయి.

ఆడపిల్ల అన్న మాట. భూమి మధ్యలో ఇంకో లోపలి గుండు ఉందని 1936లో చెప్పింది ఒక ఆడమనిషి, డెన్మార్క్‌కు చెందిన ఇంగె లేమన్. అప్పట్లో కంప్యూటర్లు లేవు. న్యూజిలాండ్‌లో వచ్చిన భూకంపం రికార్డులు ముందేసుకొని, రాకూడని చోట వస్తున్న చిన్న అలను పట్టుకుంది. మన దేశంలో కుశల రాజేంద్రన్ గారు కిల్లారి నుంచి అండమాన్ దాకా నేల తవ్వి పాత భూకంపాల, సునామీల జాడలు వెతికారు. ఫీల్డులో ఇబ్బందులు లేవని అనను. బాత్రూమ్ లేని ఊళ్లు, రాత్రి ఆగిపోయిన జీపు, "మేడమ్ ఎందుకు, సార్‌ని పంపండి" అనే అధికారులు, అన్నీ చూశాను. ఒకచోట నన్ను పక్కన పెట్టి నాకంటే చిన్నవాడైన కుర్రాడితో మాట్లాడారు, ఆ కుర్రాడే వాళ్లకు "మేడమ్‌ని అడగండి" అని చెప్పాడు. అయితే ఊళ్లలో ఇంటి లోపలికి పిలిచి గోడ పగులు చూపించి, ఆ రాత్రి ఏం జరిగిందో ఆడవాళ్లు చెప్పేది నాకే.

నీ దరఖాస్తులు, పరీక్షలు ఎలాగూ నువ్వు చూసుకుంటావు. దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటి ఉంది, అది నువ్వు తప్ప ఎవరూ చేయలేరు. డిసెంబర్ 4న మీ ఊళ్లో ఎవరింట్లో ఏం జరిగిందో ఎవరూ రాసి పెట్టి ఉండరు, ఇంకో రెండేళ్లకు మర్చిపోతారు. వంద పేజీల నోటు పుస్తకం కొనుక్కో. మీ నాన్నగారికి ఖాళీ ఉన్న ఆదివారం ఆయన్ని తీసుకొని ఇంటింటికీ వెళ్లు. ఆ టైములో ఎక్కడున్నారు, కూర్చున్నారా నిలబడ్డారా, చప్పుడు ముందొచ్చిందా ఊపు ముందొచ్చిందా, ఉట్టి ఏ దిక్కుకు ఊగింది, అటక మీద గిన్నెలు పడ్డాయా, గోడ బీట కొత్తదా పాతదా. ఆ చివరి ప్రశ్న నువ్వు అడగకు, నాన్నగారిని చూడమను. ఏ బీట పునాది కుంగి వచ్చింది, ఏది ఊపుకు వచ్చింది, ఏ గోడలో మూల కట్టు లేదు అనేది ఆయనకు చూడగానే తెలుస్తుంది. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకో, ఇల్లు దేనితో కట్టారో, ఎప్పుడు కట్టారో, నేల నల్లమట్టా, ఇసుకా, రాయా అని పక్కనే రాయి. పుస్తకం నిండాక నాకు ఫొటోలు తీసి పంపు, ఆ ఇళ్లను మ్యాప్ మీద ఎలా పెట్టాలో చెప్తాను.